సమస్య: కోతి బేరమాడి కొనియెఁ బండు

నిర్వాహకుడు: ఈ పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి. ఛందస్సు ఆటవెలది. కో-కొ యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలోని అక్షరం కలవడం) పాదంలోనే కుదిరి ఉంది. కోతి లాక్కుంటుంది గానీ కొనదు కదా, చిక్కంతా అక్కడే. 'కొను'కు తీసుకోవడమనే అర్థమూ ఉందని మరవకండి. సందర్భం బాలి ద్వీపంలోని ఉలువాటు గుడి, అక్కడ సందర్శకుల వస్తువులు లాక్కుని తిండి ఇస్తేనే వదిలే పొడవుతోక కోతులు. 'కోతి' అని మారుపేరున్న మనిషిని తెచ్చి తప్పించుకుంటే ఒప్పుకోం.

గుంటూరు సభ్యుడు:

ఉదధి యొడ్డు కొండ నులువాటు గుడిలోనఁ
గంటిజోడు లాగి గట్టు నెక్కి
యొకటి చాల దింక నొకటి తెమ్మని చూచి
కోతి బేరమాడి కొనియెఁ బండు

విశాఖ సభ్యురాలు: 'కడలి యొడ్డు' అంటే చెవికి ఇంపుగా ఉండేది, కానీ 'నులువాటు'లోని ఉకారంతో యతి పోతుంది. ఉదధే మేలు. మూడో పాదం పద్యానికి ప్రాణం. ఆ కోతి లాక్కున్నాక పారిపోదు. చేతికి అందకుండా, కంటికి కనబడేంత దూరంలో కూర్చుని, జోడు కాడల చివరి రబ్బరు నములుతూ మనవైపే చూస్తుంది. గుడి మనిషి తెచ్చిన మొదటి తిండిని ముట్టకపోవచ్చు కూడా. కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 273 రోజులు గమనించి 2021లో ప్రచురించిన పరిశోధనలో ఒక బేరం 17 నిమిషాలు సాగింది!

వరంగల్ సభ్యుడు:

చెప్పు చిన్న సరుకు, సెల్లు పెద్ద సరుకు
వెలనుఁ బట్టి కొసరు విధము మార
పూర్తి ధరకుఁ గాని పోనీక ముదురైన
కోతి బేరమాడి కొనియెఁ బండు

నిర్వాహకుడు: 'ముదురైన' భలే పడింది, వయసూ గడుసుతనమూ ఒక్క మాటలో వచ్చాయి. ఆ పరిశోధనలో తేలిందీ ఇదే. పిల్లకోతులు ఏది దొరికితే అది లాగుతాయి. పెద్దవి మనం వదులుకోలేని ఫోను, కళ్ళజోడు, పర్సు లాంటివి ఏరుకుని, ఎక్కువ తిండో ఇష్టమైన తిండో దక్కేదాకా పట్టు విడవవు. రెండో పాదంలో 'విధము' మాత్రం గణం నింపడానికి వచ్చినట్టుంది.

డల్లాస్ సభ్యుడు:

జోడు తీసి దాచి సంచి ముందుకు వేసి
పండు లేక పోవు వారి విడిచి
సెల్లు చాచి నిలుచు చిన్నవానినిఁ జేరి
కోతి బేరమాడి కొనియెఁ బండు

విశాఖ సభ్యురాలు: మొదటి పాదంలో యతిభంగం. జ-స లకు మైత్రి ఉన్నా అచ్చు కలవలేదు, ఓకారానికి అకారం చెల్లదు. 'చలువజోడు దాచి' అనండి, చ-సం సరిపోతుంది. అర్థమూ బాగుపడుతుంది. చలువజోడు సంచిలో పెట్టెయ్యొచ్చు. పవరు జోడు తీసేస్తే మెట్లు కనబడవు, దానికి వెనకవైపు తాడు కట్టుకోవాల్సిందే. సంచి ముందుకు వేస్తే చాలదు, జిప్పు పూర్తిగా మూయాలి. ప్లాస్టిక్ కవరు గరగరలాడినా తిండి ఉందనుకుని వస్తాయి.

గుంటూరు సభ్యుడు: ఆ చిన్నవాడు సెల్ఫీ కోసం పళ్ళు కనబడేలా నవ్వాడేమో! కోతికి అది బెదిరింపులా తోస్తుంది. ఇక వస్తువు పట్టుకుందంటే ఎదురు లాగొద్దు. లాగితే కాడలు విరుగుతాయి, వేలూ తెగుతుంది. మనమే పండు చూపించి బేరానికి దిగడమూ తప్పే, పండు పోయి జోడూ రాకపోవచ్చు. గుడి మనిషిని పిలిచి పక్కకు జరగాలి. కరిచినా గీరినా సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. బాలిలో 2008 నుంచి కుక్కల్లో రేబిస్ ఉంది, సూది విషయం డాక్టరే తేలుస్తారు.

డల్లాస్ సభ్యుడు: ధన్యవాదాలండీ. 'చలువజోడు దాచి సంచి ముందుకు వేసి' అని మార్చుకున్నాను. 'సెల్లు' అన్యదేశ్యం (పరభాషా పదం) కదా, ఉంచమంటారా?

నిర్వాహకుడు: ఉంచండి. 'చరవాణి' అంటే గణాలూ చెడతాయి, కోతికీ అర్థం కాదు.