గలీసియాలో ఆక్టోపస్ పక్కన బంగాళదుంప ఉండాలా వద్దా?

నడకబాట:
పోయిన నెల స్పెయిన్‌లోని గలీసియా ప్రాంతంలో సర్రియా నుంచి సాంతియాగోకి నడిచామండి, వంద కిలోమీటర్లు దాటింది. దారిలో మెలిదేలో ఆక్టోపస్ తిన్నాం. గుమ్మం దగ్గరే పెద్ద రాగి గుండిగ, అందులోంచి ఒకావిడ కొక్కెంతో పైకి లాగి, కాళ్ళని కత్తెరతో చకచకా చెక్క పళ్ళెంలోకి కత్తిరించేసింది, మీద కళ్ళుప్పు, మిరపపొడి, ఆలివ్ నూనె, అంతే. సాంతియాగోలో అదే అడిగితే కింద ఉడకబెట్టిన దుంప చక్రాలు పరిచి ఇచ్చారు. నాకు రెండోదే నచ్చింది, పక్క టేబుల్ పెద్దాయన మాత్రం అది మా వంట కాదన్నాడు. కొత్తగా వెళ్ళేవాళ్ళకి ఏది చెప్పాలి?

విగోవాసి:
దుంప లేనిదే. దాని పేరే పోల్బో ఆ ఫెయిరా, ఫెయిరా అంటే సంత. పశువుల సంతకి వచ్చినవాళ్ళు పుల్లతో గుచ్చుకుని తినేసి, నూనెని రొట్టెతో అద్దుకునే తిండి అది. దుంప వేస్తే కాచెలోస్‌తో (అంటే ఉడికిన దుంపలతో) ఆక్టోపస్ అంటారు, అది వేరే ప్లేటు. నా బాధేంటంటే బయట ఊళ్ళల్లో దుంపలు ఎక్కువ పరిచి నాలుగు ముక్కలు పైన పెట్టి అదే పేరుతో అమ్ముతున్నారు, కొత్తవాళ్ళు అదే అసలుదనుకుని వెళ్ళిపోతున్నారు.

ఓరుగల్లు_పోరడు:
అన్నా గట్లంటే మిరపపొడి కూడా తీసెయ్యాలె కదా. దుంప ఎట్ల అమెరికా ఖండం నుంచి వచ్చిందో మిరప గూడ అట్లనే వచ్చింది. దుంప రాకముందు గలీసియాల చెస్ట్‌నట్లు తినేటోళ్ళు, ఇప్పుడు కాల్దో అనే సూప్‌ల దుంప, పంది జబ్బ మాంసంతోని దుంప, ఇంట్ల రోజూ దుంపనే. మన గుంటూరు మిరపని బయటిది అంటమా? ఆక్టోపస్ ఉడికిన నీళ్ళల్లనే దుంప ఉడకబెడితే లేత గులాబి రంగు పట్టి ఆ రుచంత దాంట్లకి దిగుతది, ఆ నీళ్ళు పారబోసుడు నాకు తప్పు అనిపిస్తది.

విగోవాసి:
తమ్ముడూ దుంప బయటిదని నేను అనలేదు, పేరు కలిపెయ్యొద్దు అంటున్నా. ఆ నీళ్ళలో ఉడికిన దుంప నాకూ ఇష్టమే, వేరే ప్లేట్లో తెప్పించుకుంటా. ఇంకోటి, దుంప కింద ఉంటే ఆక్టోపస్ ఎలా ఉడికిందో తెలీదు. మరిగే నీళ్ళలో మూడుసార్లు ముంచి తీసి అప్పుడు వదుల్తారు, తోలు ఊడకూడదని. బాగా ఉడికితే పుల్ల సులువుగా దిగుతుంది, కానీ నమిలితే కాస్త పట్టు ఉంటుంది. ఒట్టిగా తింటేనే అది తెలుస్తుంది.

కృష్ణాతీరం:
మేం శాకాహారులం, మాకేమన్నా ఉందా అసలు? కాల్దో అంటే ఆకుకూర సూప్ అన్నారు.

విగోవాసి:
అమ్మా కాల్దో వద్దు. చూడ్డానికి ఆకుకూర, దుంప, చిక్కుడు గింజలే గానీ ఉంతో అని పాత పంది కొవ్వు వేస్తారు, అడక్కపోతే చెప్పరు. పాద్రోన్ మిరపకాయలు తినండి, ఆలివ్ నూనెలో వేయించి ఉప్పు జల్లుతారు, కొన్ని కారంగా ఉంటాయి కొన్ని ఉండవు. తెతీయా చీజ్ ఉంది, కాకపోతే రెన్నెట్ (పాలు విరగడానికి వేసేది, దూడ కడుపులోంచి తీసింది కావచ్చు) సంగతి అడగండి. సాంతియాగో కేకులో పిండి ఉండదు, బాదం, పంచదార, కానీ గుడ్లు ఉంటాయి.

నడకబాట:
ఒక డౌటు, మెలిదే సముద్రం ఒడ్డున లేదు కదా, అక్కడ ఆక్టోపస్ అంత ఫేమస్ ఎలా అయింది?

విగోవాసి:
ముందు ఎండబెట్టి లోపలికి తెచ్చేవాళ్ళు. ఒసేయిరా మఠానికి తీరం ఊళ్ళనుంచి అలాగే వచ్చేదని దగ్గర్లోని కర్బాయిన్యో ఊరి వైపు చెప్తారు. ఆ ఊరున్న ఊరెన్సె ప్రాంతానికి సముద్రమే లేదు, అయినా పెద్ద ఆక్టోపస్ పండగ అక్కడే, ఆగస్టు రెండో ఆదివారం. ఇప్పుడు సరుకు చాలావరకు మొరాకో, మారిటేనియా నుంచే.

ఓరుగల్లు_పోరడు:
సరే అన్నా, ఫస్ట్ ప్లేటు ఒట్టిది, రెండోది దుంపతోని. కానీ దుంపది తక్కువ అంటే మాత్రం నేను ఒప్పుకోను.