గాలివాన హెచ్చరికలు తగ్గించాలా, పెంచాలా?

పుట్లూరు అరటి రైతు:
పోయిన వేసవిలో ఒకే వారంలో నాలుగుసార్లు మా ఫోన్లకు పిడుగులు, ఈదురుగాలులు వస్తాయని సందేశం వచ్చింది. నాలుగుసార్లూ మా పొలంలో చినుకు పడలేదు. ఏ సందేశమూ రాని ఐదో సాయంత్రం పావుగంట పాటు సుడిగాలి వీచి, గెలలు వేసిన అరటి చెట్లను ఎకరంన్నర మేర పడగొట్టింది. ఇది ‘నాన్నా పులి’ కథలా తయారైంది. కచ్చితంగా తెలిసినప్పుడే సందేశం పంపాలని, లేకపోతే మానుకోవాలని నా అభిప్రాయం. సభ్యులు ఏమంటారు?

కర్నూలు భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు:
మీ కోపం న్యాయమైనదే. అయితే ‘కచ్చితంగా తెలిసినప్పుడే’ అన్న షరతు మన సీమలో నెరవేరడం ఎందుకు కష్టమో చెప్పవలసి ఉంది. వేసవి మధ్యాహ్నం నేల కాగి పైకి లేచే వేడిగాలికి సముద్రం మీదుగా వచ్చిన తేమ తోడైతే, విదర్భ నుంచి కర్ణాటక, రాయలసీమల మీదుగా దక్షిణానికి సాగే ద్రోణి (తక్కువ పీడనం ఉండే పొడవాటి పట్టీ) వెంట క్యుములోనింబస్ అనే నిలువెత్తు ఉరుముల మేఘాలు లేస్తాయి. ఆ రోజు జిల్లాలో ఉరుములు ఉంటాయని ఉదయమే చెప్పవచ్చు గాని, ఏ ఊరి మీద అన్నది మేఘం కట్టేదాకా తేలదు. విడి మేఘం పుట్టి, ముదిరి, కూలిపోవడానికి సాధారణంగా గంటకు మించి పట్టదు. అందుకే వాతావరణ శాఖ ఇచ్చే నౌకాస్ట్ (అప్పటికప్పుడు ఇచ్చే తక్షణ అంచనా) గడువు మూడు గంటలే.

ఇక రాడార్ సంగతి. శ్రీహరికోట, హైదరాబాద్, చెన్నై రాడార్లు మీ జిల్లా కేంద్రం అనంతపురానికి 300 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నాయి. భూమి గుండ్రంగా ఉండడం వల్ల, అర డిగ్రీ కోణంలో పంపిన కిరణం అంత దూరం వచ్చేసరికి నేలకు ఏడెనిమిది కిలోమీటర్ల ఎత్తున పోతుంది. దానికి మేఘం తల కనిపిస్తుందే తప్ప, మీ అరటిని కూల్చే గాలి పుట్టే కింది భాగం కనిపించదు. ఉపగ్రహ చిత్రం కూడా పైకప్పునే చూపిస్తుంది.

కాబట్టి ‘ఈ రోజు రావచ్చు’ అనే సందేశాన్నీ, ‘అరగంటలో మీ మీదికి వస్తోంది’ అనే సందేశాన్నీ ఒకే మోతతో ఫోనుకు పంపడమే అసలు తప్పని నేనంటాను. మొదటిది ఎన్నిసార్లు తప్పినా పరవాలేదు, రెండోది తప్పకూడదు.

బద్వేలు గొర్రెల కాపరి కూతురు:
మాస్టారు గారి తేడా మా నాన్నకు అందదు. ఆయనది బటన్ల ఫోను, దానిలో వచ్చే అక్షరాలు ఆయన చదవలేరు. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లోనే 36,749 పిడుగులు నమోదయ్యాయి. దేశంలో ఏటా 2,500 మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారని జాతీయ నేర నమోదు సంస్థ (NCRB) లెక్కలు చెబుతున్నాయి, వారిలో ఎక్కువమంది మా వంటి ఆరుబయట పనివారే. రైతన్నా, మీరు తోటను ఎత్తుకుపోలేరు. ముందే తెలిసినా చెట్లకు ఊతకర్రలు పెట్టే వ్యవధి ఉండదు. నాన్నకైతే ఇరవై నిమిషాలు చాలు, చింతచెట్టు కింద నిలబడకుండా మందను వదిలి ఊరిలోకి వస్తారు. దామిని యాప్ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతున్నాయని చూపిస్తుంది. అది చూసి నేనే ఆయనకు ఫోను చేస్తాను. పది సార్లు వృథాగా పిలిచినా ఆయన విసుక్కుంటారే గాని వస్తారు. హెచ్చరికలు తగ్గించమనడం ఇటువంటివారికి అన్యాయం.

తాడిపత్రి వాసి, ప్రస్తుతం ఓక్లహోమా (అమెరికా):
నేనుండే చోట ఇదే వాదన డెబ్బై ఏళ్ళకు పైగా నడుస్తోంది. 1948 మార్చిలో ఇక్కడి టింకర్ వైమానిక స్థావరంలో ఇద్దరు సైనికాధికారులు ఇచ్చిన టోర్నడో (మేఘం నుంచి నేలదాకా దిగే భీకర సుడిగాలి) అంచనా అదే రోజు నిజమైంది. అంతకుముందు ఆ మాట అంచనాల్లో వాడితేనే జనం బెదిరిపోతారని ఇక్కడి వాతావరణ శాఖ వెనకాడేది. ఇన్ని రాడార్లున్న నేటికీ టోర్నడోకు ముందు దొరికే వ్యవధి సగటున పది నిమిషాల చుట్టూనే. పది హెచ్చరికల్లో సుమారు ఏడు వృథా అవుతాయి. 2011 మేలో పొరుగు రాష్ట్రం మిస్సోరిలోని జాప్లిన్ పట్టణంలో 158 మంది చనిపోయినప్పుడు, తరచూ మోగే సైరన్లకు అలవాటుపడి చాలామంది రెండో సూచన కోసం ఎదురుచూశారని విచారణలో తేలింది. అక్కడికి పుట్లూరు వారి మాట నిజమే. కానీ ఇక్కడి వాతావరణ శాఖ వారు హెచ్చరికలు తగ్గించలేదు. 2007 నుంచే కౌంటీ (మన జిల్లా వంటిది) మొత్తానికి కాకుండా, గాలివాన మేఘం వెళ్ళే దారిలోని ప్రాంతాన్ని మాత్రమే గీతగీసి హెచ్చరిస్తున్నారు. మన మండలాలనూ అలా చీల్చవచ్చు గదా?

కర్నూలు భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు:
ఆ గీత గీయడానికి దగ్గరలో రాడార్ ఉండాలి, మళ్ళీ అక్కడికే వచ్చాము. రైతుగారూ, మీ చెట్లు ఏ దిక్కుకు పడ్డాయి? చుట్టూ తిప్పినట్లు అడ్డదిడ్డంగా పడితే అది సుడిగాలి. ఒకే వైపుకు గాని, ఒక చోటు నుంచి విసనకర్రలా బయటికి గాని పడి ఉంటే, అది మేఘం నుంచి కిందికి కుమ్మరించిన గాలి. ఫుజిటా అనే శాస్త్రవేత్త 1970లలో పడిన చెట్ల తీరును విమానం నుంచి చూసే దీన్ని పసిగట్టారు.

పుట్లూరు అరటి రైతు:
బావి దగ్గర రెండు వరుసలు తప్ప అన్నీ పడమటికే పడ్డాయి. ఆ రెండూ దక్షిణానికి. అంటే నేను సుడిగాలి అన్నది పొరపాటే కావచ్చు. బద్వేలు చెల్లెమ్మ మాటకు నా దగ్గర జవాబు లేదు, మనుషులకు సందేశాలు తగ్గించమని ఇక అడగను. కానీ ఆ సందేశంలో మండలం పేరుకు బదులు ఊరి పేరు ఉండాలన్న మాట మాత్రం వదులుకోను.