పాలు మాన్పించిన పందిపిల్లలకు పులియబెట్టిన ద్రవ దాణా: విరేచనాలు ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న:
మేము పందిపిల్లలను 28వ రోజున తల్లి నుంచి వేరు చేస్తున్నాము. మొదటి వారపు విరేచనాలు తగ్గుతాయని విని, పూర్తి దాణాను రెండున్నర రెట్ల నీటిలో కలిపి, ఒక రాత్రి పులియనిచ్చి పెడుతున్నాము. ప్రతి విడతకూ తొట్టెను కడిగి కొత్తగా మొదలుపెడుతున్నాము. విరేచనాలు తగ్గకపోగా, కొన్ని పిల్లలు వాసన చూసి పక్కకు పోతున్నాయి. లోపం ఎక్కడ ఉంది?

సమాధానం 1:
వ్యవధిలోనే ఉంది. నానిన దాణాలో లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పైచేయి సాధించేలోపు, ధాన్యంతో వచ్చిన కోలిఫారమ్‌లు (ఈ.కోలై వంటి పేగు బ్యాక్టీరియా) విపరీతంగా పెరుగుతాయి. పీహెచ్ (ఆమ్లత్వపు కొలత; ఎంత తగ్గితే అంత పులుపు) 4.5 కంటే దిగువకు చేరి, లాక్టిక్ ఆమ్లం బాగా పోగుపడిన తర్వాతే అవి తగ్గుముఖం పడతాయి. కాబట్టి ఒక రాత్రికే తీసిన దాణా, మామూలు పొడి దాణా కంటే హానికరం కావచ్చు. తొట్టెను ప్రతిసారీ పూర్తిగా కడగడం వల్ల మీరు ఆ ప్రమాదకర దశను ప్రతి విడతలోనూ మళ్ళీ తెచ్చుకుంటున్నారు. బాగా పులిసిన దానిలో సుమారు సగాన్ని తోడుగా ఉంచి, మిగిలిన సగం స్థానంలో కొత్త దాణా, గోరువెచ్చని నీరు కలపండి. ఉష్ణోగ్రత 25–30 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తొలి విడతకు రెండు మూడు రోజులు పట్టవచ్చు. పీహెచ్ కొలవకుండా మాత్రం పెట్టవద్దు.

సమాధానం 2:
పై మాటతో ఏకీభవిస్తూనే, పూర్తి దాణాను పులియబెట్టడాన్ని నేను సమర్థించను. దాణాలో విడిగా కలిపిన లైసిన్‌ను (పెరుగుదలకు అవసరమైన అమైనో ఆమ్లం) కొన్ని సూక్ష్మజీవులు కడావరిన్ అనే దుర్వాసన పదార్థంగా మార్చివేస్తాయి; పోషకం పోవడమే కాక, రుచి కూడా చెడుతుంది. పిల్లలు పక్కకు పోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ధాన్యాన్ని మాత్రమే పులియబెట్టి, మాంసకృత్తుల దినుసులను, లైసిన్‌ను పెట్టే ముందు కలపండి. నానిన గోధుమ, బార్లీలలోని ఫైటేజ్ ఎంజైము గింజలో బంధించి ఉన్న భాస్వరాన్ని విడిపించడం అదనపు లాభం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. అయితే పులుపు పేగుకు నేరుగా ఏ విధంగా ఉపకరిస్తుంది?

సమాధానం 3:
పాలు తాగేటప్పుడు లాక్టోజ్ నుంచి జీర్ణాశయంలోనే లాక్టిక్ ఆమ్లం తయారవుతూ ఉంటుంది. పాలు ఆగగానే ఆ ఆసరా పోతుంది. పిల్ల సొంతంగా స్రవించే హైడ్రోక్లోరిక్ ఆమ్లమేమో ఇంకా చాలదు. జీర్ణాశయపు పీహెచ్ పెరిగి, ఈ.కోలై బతికి చిన్నపేగుకు చేరుతుంది. సరిగా పులిసిన దాణా ఆ ఆమ్లపు లోటును కొంత పూడుస్తుంది. అయితే నా దృష్టిలో అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది: వేరు చేసిన తొలి రోజుల్లో పిల్ల సరిగా తినకపోవడం వల్లనే పేగులోని చూషకాలు (పోషకాలను పీల్చుకునే వేలి వంటి సన్నని ముడతలు) కుదించుకుపోతాయి. ద్రవ దాణా పాలను పోలి ఉండి త్వరగా తినిపించగలిగితేనే దాని విలువ. అందుకే తొట్టెలో మిగిలినది పేరుకోనివ్వకుండా, రోజుకు పలుమార్లు కొద్దికొద్దిగా పోయండి. విడిగా మంచినీరు ఎప్పుడూ ఉంచండి. వృథా ఎక్కువ కావడం వల్ల బరువు పెరుగుదలకు అయ్యే దాణా లెక్క తరచుగా నిరాశపరుస్తుంది. తోడులో ఈస్టు పెరిగి సారాయి వాసన గాని, వెనిగర్ వాసన గాని వస్తే, ఆ తోడును పారబోసి కొత్తగా ప్రారంభించడమే మంచిది.