సమస్యాపూరణం: ‘తాపసులను దినిరి తనివి దీర’

సంచాలకుడు (మాడ్రిడ్)

మిత్రులారా, ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

*తాపసులను దినిరి తనివి దీర*

మునుల్ని తినడమేమిటని కంగారుపడకండి. ఈ పాదం నాకు మాడ్రిడ్‌లో కావా బాహా వీధిలో నడుస్తుంటే తట్టింది. ఏడు నెలలు ఖాళీగా ఉన్నాక, పోయిన బుధవారం నాకు ఉద్యోగం ఖాయమైంది. అదీ గడువు లేని ఒప్పందం. ఇక్కడ దాన్ని ‘ఇందెఫినీదో’ అంటారు. 2013లో నిరుద్యోగం 26 శాతం దాటిన దేశం ఇది. ఆ మాట వినగానే నా స్పానిష్ మిత్రుడు లేచి కౌగిలించుకున్నాడు.

ఇక్కడ శుభవార్త ఎవరిదైతే ఖర్చు వాళ్లదే. పుట్టినరోజుకైనా అంతే. నలుగురం కలిసి లా లతీనా పేటంతా తిరిగాం. ఒకే చోట కూర్చుని కడుపు నింపుకోవడం ఉండదు. ఒక బారులో నిలబడి ఒకటి రెండు చిన్న పళ్ళేలు, ఓ పానీయం, తర్వాత ఇంకో గుమ్మం. ఈ చిన్న పళ్ళేలే తాపస్. వాటికోసం తిరగడానికి స్పానిష్‌లో ‘తాపెయార్’ అని ఒక క్రియే ఉంది. బంగాళాదుంప, గుడ్డు కలిపి మందంగా వేసిన తోర్తియా అట్టు, ఎర్రటి కారం సాసు పోసిన బ్రావాస్ దుంపలు, లోపల మెత్తగా పైన కరకరలాడే క్రోకేతాలు... ఏ పళ్ళెమూ ఒకరిది కాదు. అన్నీ నడుమే ఉంటాయి.

ఆ సంతోషం మీ పద్యాల్లోకి కూడా రావాలని నా కోరిక.

గోదావరి గట్టు

*కొలువు వచ్చె ననుచు గుమిగూడి మిత్రులు*
*చిన్న పళ్ళెములను జేర్చి నడుమ*
*ఒకరి చేతి ముక్క యొకరికి నందించి*
*తాపసులను దినిరి తనివి దీర*

అభినందనలు తమ్ముడూ! ఏడు నెలల తర్వాత కొలువంటే మాటలా. ఆ కబురు వినగానే పద్యం దానంతట అదే వచ్చేసింది.

సంచాలకుడు

ధన్యవాదాలు అన్నగారూ. మూడో పాదం అచ్చంగా నేను చూసిన దృశ్యమే. ఒక్క లోటు చెప్పనా? స్పెయిన్ సంగతి తెలియనివారికి నాలుగో పాదంలో ఇంకా మునులే కనిపిస్తారు. ‘తాపసు’ అంటే ఏమిటో పద్యంలో ఎక్కడో ఒక చోట తెలియాలి.

పెన్నతీరం

*దండకాటవి గల దానవు లెల్లరు*
*ఎముక లచట గుట్ట లేర్పడంగ*
*జాలి లేక పట్టి చంపి యాకలితోడ*
*తాపసులను దినిరి తనివి దీర*

స్పెయిన్ నాకు తెలియదు బాబూ, తెలిసిన అడవికి వెళ్లాను.

సంచాలకుడు

పెద్దవారు, గణాల్లోనూ యతిలోనూ వేలు పెట్టే చోటు లేదు. అరణ్యకాండలో మునులు రాముడికి చూపించిన కళేబరాలు కళ్ళకు కట్టాయి. ‘గుట్ట లేర్పడంగ’ దగ్గర స్వరయతి అందంగా కుదిరింది. కానీ సమస్యను ఉన్నదున్నట్టు ఒప్పేసుకున్నారు, ముడి విప్పలేదు. వినడానికి అసంబద్ధంగా ఉన్న మాటను సబబు చేయడంలోనే పూరణ రుచి ఉందని మాకు నేర్పింది మీరే కదా! ఇల్వలుడి ఇంట వాతాపిని తిని అరిగించుకున్నది తాపసి. ఇక్కడ తాపసులనే తినాలి. ఆ తిరకాసును మీరు పడితే ఎలా ఉంటుందో చూడాలనుంది.

పెన్నతీరం

ఒప్పుకున్నాను. అయితే నాకూ ఒక అభ్యంతరం ఉంది. స్పానిష్‌లో ఏకవచనం ‘తాప’, బహువచనం ‘తాపస్’ అని మా మనవరాలు చెప్పింది. దాని మీద మళ్ళీ ‘లు’ చేర్చి తాపసులు అంటే బహువచనం రెండుసార్లు వచ్చినట్టు కాదా? ‘తాపలు’ అనాలేమో.

గోదావరి గట్టు

వ్యాకరణం ప్రకారం మీరన్నది నిజమే. కానీ పరాయి మాట మన దగ్గరికి ఏ రూపంలో వస్తే ఆ రూపానికే మనవాళ్లు ప్రత్యయం చేరుస్తారు. సాక్స్ బహువచనమని తెలిసినా ‘సాక్సులు’ అంటున్నాం. ‘తాపసు’ను కూడా అలాగే తీసుకుందాం. ‘తాపలు’ అంటే ఈ సమస్యే పుట్టదు!

ఓరుగల్లు

*మధువు గిన్నె మీద మాటుగా నుంచిన*
*మూత పేరె తాప మూల మరయ;*
*పని దొరకిన నాడు పదుగురు మిత్రులు*
*తాపసులను దినిరి తనివి దీర*

‘తపార్’ అంటే కప్పడం, ‘తాప’ అంటే మూత అని చదివాను. గ్లాసులో ఈగలు, దుమ్ము పడకుండా పైన రొట్టెముక్క పెట్టేవారట. దాని నుంచే ఈ పేరు వచ్చిందంటారు.

సంచాలకుడు

ఈ వారం ముడి సరిగ్గా విప్పింది మీరే. మొదటి రెండు పాదాల్లో మాటకు అర్థం చెప్పి, మూడో పాదంలో సందర్భం తెచ్చి, సమస్యను ఇంటికి చేర్చారు. ‘పని దొరకిన నాడు’ అన్న పలుకుబడి ఎంత సహజంగా ఉందో! ఆ మూత గురించి ఇక్కడ ఇంకో కథ కూడా చెబుతారు. దక్షిణ స్పెయిన్‌లోని కాదిస్ తీరంలో గాలికి ఇసుక పడకుండా 13వ అల్ఫోన్సో రాజుగారి గ్లాసు మీద హామ్ (పంది మాంసం) ముక్క కప్పి ఇచ్చారట. జనం నోట నడిచే కథే అది, రుజువు అడగకూడదు. మూత సంప్రదాయం మాత్రం గ్రనాదాలో ఇంకా బతికే ఉంది. అక్కడ పానీయం అడిగితే చాలు, దానితో పాటు ఒక తాప ఉచితంగా వస్తుంది. మాడ్రిడ్‌లో చాలాచోట్ల నాలుగు ఆలివ్ కాయలో, కాసిన్ని చిప్సో పెడతారు. తక్కినవి కొనుక్కోవాలి.

కొత్త సభ్యురాలు (బార్సిలోనా)

ఇది నా మొదటి ఆటవెలది. పెట్టాలంటే చాలా టెన్షన్‌గా ఉంది.

*మాడ్రిడందు నాకు ఉద్యోగమొచ్చెను*
*పచ్చిమిరప వేచి పంచినారు*
*కొన్ని కారమాయె గొన్ని కమ్మగ నుండ*
*తాపసులను దినిరి తనివి దీర*

పెన్నతీరం

అమ్మా, టెన్షన్ ఎందుకు? గణాలన్నీ సరిపోయాయి, మొదటి పద్యానికి అది చిన్న విషయం కాదు. మొదటి పాదంలోనే మూడు సవరణలు కావాలి. ‘మా’కు ‘ఉ’తో యతి కుదరదు. ‘నాకు ఉద్యోగ’ అని విడదీయకూడదు, సంధి జరిగి ‘నాకుద్యోగ’ అవుతుంది. ‘ఒచ్చెను’ వాడుక మాట, పద్యంలో ‘వచ్చెను’ అనాలి. ఇలా మార్చి చూడు:

*మాడ్రిడందు వచ్చె మంచి యుద్యోగము*

ఇప్పుడు ‘మా’కు ‘మం’ యతి, సంధీ కుదిరింది. మిగతా మూడు పాదాలూ అలాగే ఉంచు. ఇంతకీ మిరపకాయల్లో కొన్నే కారంగా ఉండడమేమిటమ్మా?

కొత్త సభ్యురాలు (బార్సిలోనా)

నమస్కారం తాతగారూ, సవరణ రాసుకున్నాను. అవి గలీసియా ప్రాంతంలోని పద్రోన్ మిరపకాయలు. చిన్నగా, పచ్చగా ఉంటాయి. ఆలివ్ నూనెలో వేయించి పైన గల్లుప్పు చల్లి తెస్తారు. చాలావరకు కమ్మగానే ఉంటాయి, మధ్యలో ఒకటి మాత్రం భగ్గుమంటుంది. ‘కొన్ని మండుతాయి, కొన్ని మండవు’ అని స్పెయిన్‌లో సామెతలా అంటుంటారు. మాది గుంటూరు. మండేది నాకు వస్తే బాగుండునని నేను వెతుక్కుంటాను, మిగతావాళ్లు భయపడుతూ తింటారు. మాంసం తినని నేస్తాలకు బ్రావాస్ దుంపలూ ఇవీ ఉంటే చాలు. క్రోకేతాల్లో మాత్రం తరచుగా హామ్ కలుపుతారు, అడిగి తినాలి.

గోదావరి గట్టు

చూశారా, అమెరికాల నుంచి ఓడల్లో స్పెయిన్‌కు వచ్చిన మిరప అక్కడ పద్రోన్‌లో చల్లబడింది. పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చింది గుంటూరులో మండింది. మూడో పాదం ఆ రెండు ఊళ్లనూ కలిపింది తల్లీ. చాలా బాగుంది.

సంచాలకుడు

ఇక నా పూరణ. దీని వెనక ఉన్న మనిషి గురించి ముందు చెప్పాలి. నాతో ఒకే ఇంట్లో ఉండే వరంగల్ మిత్రుడు మూడు నెలలు నా వాటా అద్దె కట్టాడు. రోజూ రాత్రి రెండు పళ్ళేల్లో అన్నం పెట్టేవాడు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. స్పెయిన్‌లో అందరూ పంచుకునే పళ్ళెంలో మిగిలిన ఆఖరి ముక్కకు ‘సిగ్గు ముక్క’ అనే అర్థం వచ్చే పేరుంది. తీసుకోవడానికి అందరికీ మొహమాటం కాబట్టి ఆ పేరు. ఆ రాత్రి చివరి క్రోకేతా అలాగే మిగిలింది.

*కొలువు లేని నాడు కూడు వెట్టిన వాని*
*చేతి కిడితి చివరి చిన్న ముక్క*
*సిగ్గు విడిచి నవ్వి చెలికాండ్రు మరి కొన్ని*
*తాపసులను దినిరి తనివి దీర*

ఓరుగల్లు

‘ఇడితి’ అని ఉత్తమ పురుషలో మొదలుపెట్టి ‘దినిరి’ అని ప్రథమ పురుషలో ముగించారు. రెండో పాదం దగ్గరే వాక్యం పూర్తయింది కాబట్టి అన్వయానికి అడ్డు లేదు. ‘సి’కి ‘చె’ యతి సరైనదే. ‘కూడు వెట్టిన’ అన్నచోట నేను కాసేపు ఆగిపోయాను. నా చదువు రోజుల్లో నాకూ అలా పెట్టినవాడు ఒకడున్నాడు. ఈ రాత్రి వాడికి ఫోన్ చేస్తాను.

అద్దింటి మిత్రుడు

నాకు పద్యం రాదు, వీడు లింకు పంపితే చదివాను. అందరికీ నమస్తే. యతులు నాకు తెలియవు గానీ రెండో పాదంలో ఒక తప్పుంది. ఆ ముక్క నేనొక్కణ్ణే తినలేదు. సగం చేసి వాడి నోట్లోనే పెట్టాను. సంతోషంలో ఉన్నాడు కదా, గుర్తులేనట్టుంది.

సంచాలకుడు

అవును, గుర్తొచ్చింది. నిజం వాడన్నదే. సవరించాను:

*కొలువు లేని నాడు కూడు వెట్టిన వాని*
*చేతి కిడిన ముక్క జేసె సగము;*
*సిగ్గు విడిచి నవ్వి చెలికాండ్రు మరి కొన్ని*
*తాపసులను దినిరి తనివి దీర*