పాత ‘ప్రవాసి’ సంచికల స్కానింగ్: బైండింగ్ విప్పాలా, వద్దా?

నమస్కారం అండి. మాది ఖరగ్‌పూర్, రైల్వే కుటుంబం. బెంగాలీ చదవడం వచ్చు. మా పక్కింటి మాస్టారు వాళ్ల తాతగారి నాలుగు బైండు పుస్తకాలు నా చేతిలో పెట్టి, "కంప్యూటర్‌లోకి ఎక్కించు" అన్నారు. అన్నీ ‘ప్రవాసి’ అనే బెంగాలీ మాసపత్రిక సంచికలు. రామానంద చటర్జీ 1901లో అలహాబాదు నుంచి మొదలుపెట్టిన పత్రిక అది. ఇవి బెంగాలీ సంవత్సరాలు 1329, 1330వి, అంటే 1922 ఏప్రిల్ నుంచి 1924 ఏప్రిల్ దాకా.

కాగితం అప్పడంలా విరుగుతోంది. స్కానర్ మీద బోర్లిస్తే కుట్టు పక్కనున్న అక్షరాలు వంగి నల్లగా పడుతున్నాయి. విప్పుదామంటే మాస్టారి మొహం చూడలేను. పైనుంచి కెమెరాతో తీసినవాళ్లున్నారా? లైట్లు ఎక్కడ పెట్టారు? రంగుల బొమ్మల పేజీలకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) అవసరమా?

రెండో తలనొప్పి ఓసీఆర్, అంటే స్కాన్ బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ చదివి టైపు అక్షరాలుగా మార్చడం. దానికి టెసెరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. పేజీలోని రెండు కాలమ్‌లనూ కలిపి చదివేస్తోంది. బెంగాలీలో ‘బ’కీ ‘ర’కీ తేడా కింద చుక్క ఒక్కటే కదా, సిరా వెలిసిన చోట ‘ర’ కాస్తా ‘బ’, పురుగు కొట్టిన చోట ‘బ’ కాస్తా ‘ర’ అవుతున్నాయి! కాలమ్‌లను ముందే కత్తిరించి ఇస్తే మెరుగవుతుందా?

ఇంకోటి. మూడు పుస్తకాల్లో బైండింగ్ చేసినతను అట్టలు, ప్రకటనలు పీకేశాడు. నాలుగోదాంట్లో మాత్రం తలనూనె ప్రకటనలతో సహా ఉన్నాయి. నాకైతే కథలకన్నా అవే ముద్దొస్తున్నాయి. వాటికి పేజీ నంబర్లు లేవు, ఫైళ్లకు పేర్లెలా పెట్టాలి?

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్. వానాకాలం వచ్చేలోపు మొదలుపెట్టాలి.