అప్‌డేట్: సోలార్ హీటర్‌లో వేడి నీళ్ళు తెల్లారేసరికి ఎక్కడికి పోతున్నాయో తెలిసింది

పోయిన నెల అడిగా కదా, బెంగళూరు మారతహళ్లిలో మా డాబా మీద 200 లీటర్ల ట్యూబుల సోలార్, సాయంత్రం చెయ్యి పెట్టలేనంత కాగే నీళ్ళు పొద్దున్నకి గోరువెచ్చగా కూడా ఉండట్లేదని. బోరు నీళ్ళ ఉప్పు ట్యూబుల్లో పేరుకుందని ఎక్కువమంది అన్నారు, కడిగించా, బకెట్ నిండా తెల్ల పెచ్చులు వచ్చాయి గానీ స్నానం మళ్ళీ చన్నీళ్ళే.

అసలు దొంగని పట్టింది మా అమ్మ. వడియాలు పెట్టడానికి పైకెక్కి, ట్యాంకు మీద గాలి పోయే గొట్టంలోంచి (ఎయిర్ వెంట్) నీళ్ళు కారుతున్నాయిరా అంది. ప్లంబర్ చూసి నవ్వాడు. మేం ప్రెషర్ పంపు చన్నీళ్ళ లైనుకి ఒక్కదానికే పెట్టించాం, వేడి లైను గ్రావిటీ మీదే వస్తుంది, కింద బాత్రూంలో వేడి, చన్నీళ్ళు కలిపే మిక్సర్ కుళాయి రెండు నాబ్‌లూ తెరిచే ఉంచి హ్యాండ్ షవర్ బటన్ దగ్గర ఆపేస్తున్నాం, దాంతో చన్నీళ్ళు మిక్సర్‌లోంచే వేడి లైన్లోకి ఎదురెక్కి ట్యాంకులో కలిసిపోతున్నాయి! పంపు వేసినవాడు ఈ ముక్క చెప్పి ఉంటే బావుండేది.

వేడి లైనుకి నీళ్ళు వెనక్కి ఎక్కనివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించా, నాబ్‌లు కట్టేస్తున్నాం, వారం నుంచి పొద్దున ఆరింటికి కూడా పొగలొస్తున్నాయ్. మొదటి బకెట్ ఇంకా చల్లగానే, పైపు పొడుగు కదా, దానికి వేడి పోకుండా ఇన్సులేషన్ తొడుగు జీతం వచ్చాక. మబ్బు రోజుల్లో గీజరే గతి.