పాఠశాలలకు ఉపాధ్యాయ శిక్షణ సలహాదారు కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఇకపై ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే సలహాదారుగా మారాలని ఉంది. పిల్లల ముందు నిలబడటం అలవాటే. కానీ నాకంటే సీనియర్ టీచర్లు చేతులు కట్టుకుని వెనక వరుసలో కూర్చుంటే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు.

ఒక్కరోజు వర్క్‌షాపులపై నాకు నమ్మకం తక్కువ. మధ్యాహ్నం దాటితే సగం మంది జవాబుపత్రాలు దిద్దుకుంటుంటారు! తరగతిలో కూర్చుని గమనించి, తర్వాత విడిగా మాట్లాడే కోచింగ్ పద్ధతి నేర్చుకోవాలని ఉంది. అది కోర్సులతో వస్తుందా, అనుభవజ్ఞుల వెంట తిరిగితేనే వస్తుందా?

ఇంకొకటి. శిక్షణ ఫలితాన్ని కొలవడానికి అమెరికా విద్యా పరిశోధకుడు థామస్ గస్కీ చెప్పిన ఐదు స్థాయుల్లో మొదటిది, అంటే హాజరైనవారి స్పందన, ఒక ఫారంతో తేలిపోతుంది. చివరిది విద్యార్థుల ప్రగతి. అది మన శిక్షణ వల్లే వచ్చిందని యాజమాన్యానికి ఎలా చూపిస్తారు?

ఉద్యోగం మానకుండా ఈ పని మొదలుపెట్టినవారు ఉంటే దయచేసి చెప్పండి.